‘ఉంటే’కూ ‘ఉంటేనే’కూ నడుమ

చదువు సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది తిరుపతి. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఇప్పుడు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం, సీఈసీ. మా నాయన ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా చేస్తారు. డిసెంబరులో జరిగే క్లాట్ (జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశపరీక్ష) రాసి, హైదరాబాదు నల్సార్‌లోనో విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోనో సీటు తెచ్చుకోవాలని నా ఆశ. లీగల్ రీజనింగ్, కరెంట్ అఫైర్స్ ఫరవాలేదు. లాజికల్ రీజనింగ్ దగ్గరే బండి కదలడం లేదు. ఆరు నెలల్లో 38 మాక్ టెస్టులు (నమూనా పరీక్షలు) రాశాను. 24 ప్రశ్నలకు 12, ఒక్కోసారి 13 ఒప్పవుతున్నాయి. మొదటి నెలలో ఎంతో, ఇప్పుడూ అంతే. నాలుగు ఆప్షన్లలో రెండింటిని తేలిగ్గానే కొట్టేస్తాను, మిగిలిన రెండింటిలో ఎప్పుడూ తప్పుదే పెడతాను. కీ చూసిన తర్వాత ‘అవును కదా’ అనిపిస్తుంది, మరుసటి మాక్‌లో మళ్లీ అదే కథ. కోచింగ్‌లో అడిగితే ‘ఇంకా ప్రాక్టీస్ చెయ్యి, తెలుగులో ఆలోచించడం మానెయ్యి’ అంటున్నారు. ఎలా మానాలో నాకు తెలియడం లేదు. అసలు నాకు తర్కమే రాదేమోనని భయంగా ఉంది. దారి చెప్పగలరు.
— పేరు వద్దన్న పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఒక చిన్న లెక్క చూద్దాం. ప్రతి ప్రశ్నలోనూ మీరు రెండు తప్పు ఆప్షన్లను సరిగానే కొట్టేస్తున్నారనుకోండి. మిగిలిన రెండింటి మధ్య నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే మరొకటి పెట్టుకుంటూ పోయినా 24 ప్రశ్నలకు సగటున 12 ఒప్పవుతాయి. మీకు వస్తున్నవీ అన్నే. కాబట్టి ‘ఎప్పుడూ తప్పుదే పెడతాను’ అన్న మాట నిజం కాదు. సగంసార్లు ఒప్పుదే పెడుతున్నారు. అయితే ఆ చివరి మెట్టు మీద మీరు పడుతున్న శ్రమంతా నాణెం చేసే పనికి మించి ఏమీ చేయడం లేదు. ఒక విధంగా ఇది మంచి వార్తే. ఇంగ్లీషు అర్థం కాకపోతేనో ప్యాసేజ్ అంతుపట్టకపోతేనో ఆ మొదటి రెండు ఆప్షన్లను కూడా మీరు కొట్టేయగలిగేవారు కాదు. చదవడం వచ్చింది, దగ్గరగా ఉన్న రెండు మాటలను తూచే తక్కెడ ఇంకా అమరలేదు.

ఆ తక్కెడ 38 మాక్‌లు రాసినా ఎందుకు అమరలేదన్నదానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది. కీ చూసిన తర్వాత ‘అవును కదా’ అనిపిస్తుందని రాశారు. కీ చూసిన క్షణం నుంచి మనసు దాని పక్షాన చేరిపోతుంది. ఒప్పు జవాబుకు కారణాలు వాటంతట అవే తోస్తాయి, మీరు పెట్టిన జవాబు అంతకుముందు మీకెందుకు అంత బాగా నచ్చిందో మాత్రం మరుగున పడిపోతుంది. మరుసటి మాక్‌లో మిమ్మల్ని పట్టుకునేది మరుగున పడ్డ ఆ కారణమే. అందుచేత ఈ వారం కొత్త మాక్ ఏదీ రాయకండి. ఇప్పటికే రాసి, కీ ఇంకా చూడని పేపరు ఉంటే సరే, లేకపోతే ఒక్కటి మాత్రం రాసి కీ మూసిపెట్టండి. మరునాడు అదే లాజికల్ విభాగాన్ని గడియారం లేకుండా, ఒక్కొక్క ప్రశ్నకు కావలసినంతసేపు తీసుకుని మళ్లీ చేయండి. ఆ తర్వాతే కీ తెరిచి, రెండుసార్లు పెట్టిన జవాబులనూ పక్కపక్కన దిద్దుకోండి. దీన్ని ‘బ్లైండ్ రివ్యూ’ అంటారు. గడియారంతో 12, గడియారం లేకుండా 19 వస్తే మీ ఇబ్బంది వేగానిది. గడియారం తీసేసినా 13 దగ్గరే ఆగితే ఇబ్బంది తూకానిది, వేగం గురించి ఇప్పట్లో తలుచుకోనక్కరలేదు. మీది రెండోదని నా అనుమానం. ఈ కింద రాస్తున్నదంతా ఆ అనుమానం మీద ఆధారపడి రాస్తున్నదే.

‘తెలుగులో ఆలోచించడం మానెయ్యి’ అన్న సలహాతో నేను ఏకీభవించను. క్లాట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి ఇంగ్లీషు గట్టిపడక తప్పదు, అందులో వాదం లేదు. కానీ ఈ విభాగంలో అభ్యర్థులను ఎక్కువగా పడగొట్టే ఒక చిక్కుముడిని విప్పడానికి తెలుగుకున్నంత సదుపాయం ఇంగ్లీషుకు లేదు. ‘టోకెన్ ఉంటే పైకి పంపుతారు’, ‘టోకెన్ ఉంటేనే పైకి పంపుతారు’ అన్న రెండు వాక్యాలు చూడండి. తేడా ఒక్క ‘నే’. కొండకు వెళ్లే దారిలో అసలు నిబంధనలు ఎలా ఉన్నా, ఉదాహరణ కోసం ఈ రెండూ రెండు వేర్వేరు నియమాలనుకోండి. మొదటి నియమం ప్రకారం టోకెన్ చాలు. ఉన్నవారిని ఆపరు, లేనివారిని ఏం చేస్తారో ఆ నియమం చెప్పలేదు, వారిలో కూడా కొందరిని పంపవచ్చు. రెండో నియమం ప్రకారం టోకెన్ లేనివారు వెళ్లే ప్రశ్నే లేదు. అయితే ఉన్నవారందరినీ పంపుతారన్న హామీ అందులో లేదు, వేళ మించిపోయిందనో మరొకందుకో వారినీ ఆపవచ్చు. ‘రాధను పైకి పంపారు’ అంటే రెండో నియమం కింద ఆమెకు టోకెన్ ఉందని నిశ్చయంగా చెప్పవచ్చు, మొదటి నియమం కింద చెప్పలేం. ‘రాధకు టోకెన్ ఉంది’ అంటే మొదటి నియమం కింద ఆమెను పంపుతారని చెప్పవచ్చు, రెండో నియమం కింద చెప్పలేం. ఇంగ్లీషు ప్యాసేజ్‌లో ‘ఇఫ్’ కనబడితే ‘ఉంటే’ అని, ‘ఓన్లీ ఇఫ్’ కనబడితే ‘ఉంటేనే’ అని, ‘అన్‌లెస్’ కనబడితే ‘ఉంటే తప్ప’ అని మార్జిన్‌లో రాసుకోండి. ‘వాన పడితే తప్ప చెరువు నిండదు’ అన్న మాట విని, వాన పడింది కాబట్టి చెరువు నిండిపోయి ఉంటుందని మన పల్లెల్లో ఎవరూ బిందె పట్టుకుని బయలుదేరరు. అదే మాట ఇంగ్లీషులో ఉంటే పరీక్ష హాల్లో సగంమంది బయలుదేరుతారు.

ఇది కొత్త విద్య కూడా కాదు. చట్టానికి సంబంధించిన చదువును మనం ఇవాళ న్యాయశాస్త్రం అంటున్నాం. పూర్వం ఆ పేరు తర్కానికే ఉండేది. 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన మీ ఊరి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో ఆ పాత న్యాయశాస్త్రాన్ని ఇప్పటికీ పాఠంగా చెబుతారు. అందులో అందరికీ తెలిసిన ఉదాహరణ కొండ మీద నిప్పు. ఎండాకాలంలో శేషాచలం వైపు చూసి, పొగ లేస్తోంది కాబట్టి ఎక్కడో అడవి అంటుకుందని మీరూ అనుకుని ఉంటారు. నైయాయికులు, అంటే ఆ న్యాయశాస్త్ర పండితులు, ఆ ఒక్క ఆలోచనను ఐదు మాటలుగా విడగొట్టారు. కొండ మీద నిప్పుంది అన్నది ప్రతిజ్ఞ. పొగ ఉంది కాబట్టి అన్నది హేతువు. ఎక్కడ పొగ ఉంటుందో అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లోలాగా అన్నది ఉదాహరణ. ఈ కొండ మీద ఉన్నదీ అలాంటి పొగే అన్నది ఉపనయం. కాబట్టి నిప్పుంది అన్నది నిగమనం. వాదించే మనిషి తాను నిరూపించదలచినదాన్ని మొదటే చెప్పి, చివర మళ్లీ చెబుతాడని గమనించారా? క్లాట్‌లో వచ్చే సంపాదకీయాల వంటి ప్యాసేజ్‌లలో కూడా రచయిత అసలు మాట చాలాసార్లు మొదటి పేరాలోనే ఉండి, తర్వాతి పేరాలు హేతువులుగా నడుస్తాయి. చివరి వాక్యమే నిర్ణయమని కళ్లు మూసుకుని గీత గీసే అలవాటు మీకుంటే మానుకోండి.

ఆ శాస్త్రమే మరో మాట కూడా చెప్పింది. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది గానీ, నిప్పున్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పు పొగ చిమ్మాలంటే తడికట్టె తోడు కావాలి. ఈ తోడును వారు ఉపాధి అన్నారు. ‘క ఉంటే గ ఉంటుంది’ అన్న వాక్యాన్ని తిరగేసి ‘గ ఉంది కాబట్టి క ఉంది’ అనే ఆప్షన్ కనబడినప్పుడల్లా ఇనుపగుండును గుర్తు తెచ్చుకోండి. మీరు చివరి రెండింటి దగ్గర ఓడిపోతున్న ప్రశ్నల్లో కొన్ని తప్పకుండా ఈ తిరగేతవే అయి ఉంటాయి.

తెలుగు పక్షాన ఇంత వాదించాను కాబట్టి, తెలుగు మనల్ని మోసం చేసే చోటు కూడా చెప్పాలి. ‘పెళ్లికి అందరూ రాలేదు’ అంటే ఏమిటి? ఒక్కరూ రాలేదనా, కొందరు వచ్చి కొందరు రాలేదనా? మాట్లాడే గొంతును బట్టి, సందర్భాన్ని బట్టి మనం అర్థం చేసుకుంటాం. కాగితం మీద గొంతు ఉండదు. ఇంగ్లీషులో ‘నాట్ ఆల్’ అన్నదాన్ని మనసులో ‘అందరూ కాదు’ అని తిప్పుకుని, రెండు వాక్యాలు దాటేసరికి అది ‘ఎవరూ కాదు’గా మారిపోవడం నా విద్యార్థులలో చాలామంది దగ్గర చూశాను. ‘నాట్ ఆల్’కు ‘కనీసం ఒకరు కాదు’ అని, ‘సమ్’కు ‘కనీసం ఒకరు’ అని రాసుకోవడం క్షేమం. ‘కొందరు న్యాయవాదులు నిజాయితీపరులు’ అన్న మాట నుంచి ‘కొందరు కారు’ అన్నది రాదు. రోజువారీ సంభాషణలో వస్తుంది, తర్కంలో రాదు. ఇక్కడ మాత్రం మీ కోచింగ్‌వారి సలహాకు కొంత విలువ ఉంది.

ఇక ఆ మిగిలిన రెండు ఆప్షన్ల సంగతి. మీకు బాగా తెలిసిన సంగతి మీదే చేసి చూద్దాం. చిత్తూరు ప్రాంతంలో పండే తోతాపురి మామిడిలో చాలా భాగం గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుందని మీకు తెలుసు. ఒక వ్యాసకర్త ఇలా రాశాడనుకోండి: ‘ఈ ఏడు తోతాపురి దిగుబడి నిరుటికి రెట్టింపైంది. కాబట్టి ఈ ఏడు మామిడి రైతులకు వచ్చే సొమ్ము రెట్టింపవుతుంది.’ ఈ వాదం ఏ ఊహ మీద నిలబడింది అన్నది ప్రశ్న. ఆప్షన్లు ఇవి: చిత్తూరు ప్రాంతంలో మామిడి ముఖ్యమైన పంట; ఈ ఏడు మామిడి ధర నిరుటికంటే పెరుగుతుంది; ఈ ఏడు ధర నిరుటికంటే పడిపోదు; మామిడి రైతులు వేరే పంటలు వేయరు. చివరిదాన్ని మీరు వెంటనే కొట్టేస్తారు. మొదటిది నిజమే, కానీ వాదానికి అవసరం లేదు. మామిడి ముఖ్యమైన పంట కాకపోయినా, వేసినవారి వరకు ఆ వాదం అలాగే నిలుస్తుంది. మిగిలేవి ధర గురించినవి రెండు. ఇక్కడే నాణెం ఎగరేయకుండా ఒక పని చేయాలి: ఒక్కొక్కదాన్ని కాదని చూడాలి. ‘ధర పెరగదు’ అనుకుంటే ఏమవుతుంది? నిరుటి ధరే ఉన్నా రెట్టింపు కాయకు రెట్టింపు సొమ్ము వస్తుంది, వాదం చెక్కుచెదరలేదు. ‘ధర పడిపోతుంది’ అనుకుంటే? వాదం అక్కడికక్కడే కూలిపోతుంది. దేన్ని కాదంటే వాదం కూలుతుందో అదే ఊహ. ధర పెరగాలన్న ఆప్షన్ మిమ్మల్ని ఆకర్షించడానికి కారణం అది వాదానికి బలమిస్తున్నట్టు కనబడటమే. బలమిచ్చేది వేరు, అది లేకపోతే నిలవనిది వేరు. కాపు ఎక్కువైన ఏడాది ధర ఏమవుతుందో ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరు నిలిపి రాత్రంతా కాచుకున్న రైతుకు ఏ కోచింగూ అక్కరలేదు. ఆ అనుమానాన్నే మీరు ప్రతి ‘కాబట్టి’ మీదా పెట్టాలి.

కార్యకారణాల ప్రశ్నలకు కూడా ఉదాహరణ మీ ఇంటి పక్కనే ఉంది, బాధాకరమైనదే అయినా. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడి చేసి ఒక చిన్నారి ప్రాణం తీసిన తర్వాత, నడిచివెళ్లే భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు. ‘కర్రలు ఇచ్చాక దాడులు ఆగాయి, కాబట్టి కర్రలే భక్తులను కాపాడాయి’ అని ఒకరు వాదించారనుకుందాం. ఈ వాదాన్ని బలహీనపరిచేది ఏది? కర్రల ఖర్చు గురించినది కాదు, కర్రలను కొందరు ఎగతాళి చేశారన్నదీ కాదు. ఆ రోజుల్లోనే బోనులు పెట్టి చిరుతలను పట్టుకున్నారు, పిల్లలతో నడిచే వేళల మీద ఆంక్షలు పెట్టారు. ఇవి మరో కారణాన్ని ముందుకు తెస్తాయి, కాబట్టి ఇవే బలహీనపరుస్తాయి. గమనించండి, కర్రలు పనిచేయలేదని ఇవి నిరూపించడం లేదు, ‘కర్రలే’ అన్న ‘ఏ’కారాన్ని కదిలించాయి, అంతే. ‘బలహీనపరిచేది ఏది’ అన్న ప్రశ్నకు వాదాన్ని పూర్తిగా పడగొట్టే ఆప్షన్ కోసం వెతుకుతూ, కొద్దిగా కదిలించేదాన్ని వదిలేయడం మరో సాధారణమైన పొరపాటు.

ఇక అభ్యాసం ఎలా చేయాలన్న మాట. ఒక నోటుబుక్కు పెట్టండి. అందులో ఒప్పు జవాబుకు వివరణ రాయవద్దు. అది కీలో ఎలాగూ ఉంటుంది. మీరు పెట్టిన తప్పు జవాబు మీకెందుకు నచ్చిందో, అందులోని ఏ మాట దాన్ని చంపిందో, తెలుగులో ఒకటి రెండు వాక్యాలు రాయండి. ‘లోకంలో నిజమే గానీ ప్యాసేజ్‌లో లేదు’, ‘తిరగేత’, ‘అతి’ ఇలాంటి మీ సొంత పేర్లు పెట్టుకోండి. ‘అతి’ అంటే ఎప్పుడూ, ఎవరూ, మాత్రమే, తప్పనిసరిగా వంటి మాటలు మోసే ఆప్షన్లు; ప్యాసేజ్ మెత్తగా చెప్పినదాన్ని ఇవి గట్టిగా చెబుతాయి. (మీ ఉత్తరంలోని ‘ఎప్పుడూ తప్పుదే పెడతాను’ కూడా ఆ జాతిదే.) ముప్పై నలభై తప్పులు రాసేసరికి మీ తప్పుల్లో ఒకటి రెండు జాతులవే ఎక్కువని తేలుతుంది. అప్పుడు సాధన వాటి మీదే చేయవచ్చు. రోజుకు రెండు ప్యాసేజ్‌లు చాలు, మూడు వారాలు గడియారం లేకుండా. ఒక్కో ప్యాసేజ్ చదివాక ప్రశ్నలకు పోకముందే, రచయిత ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు అన్నవి రెండు తెలుగు వాక్యాల్లో రాయండి. రాయలేకపోతే అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదవాలి.

ప్రశ్నలు ఎక్కడివన్నదీ ముఖ్యమే. 2020లో క్లాట్ ప్యాసేజ్‌ల పద్ధతికి మారింది కాబట్టి అప్పటి నుంచి వచ్చిన పాత ప్రశ్నపత్రాలను పదిలంగా వాడుకోండి. మాక్‌ల కంటే అవి మేలైన కొలత. బజారు మాక్‌లలో కీ చెప్పిన జవాబే తప్పుగా ఉండటం నేను చాలాసార్లు చూశాను. అలాంటిదానితో గంటసేపు పోరాడి ‘నాకు తర్కం రాదు’ అనుకునే పిల్లలను చూస్తే జాలేస్తుంది. అమెరికా న్యాయ కళాశాలల ప్రవేశానికి జరిగే ఎల్‌శాట్‌లోని లాజికల్ రీజనింగ్ ప్రశ్నలు కూడా మంచి మేత. 2024 ఆగస్టు నుంచి ఆ పరీక్షలో లాజిక్ గేమ్స్ విభాగాన్ని ఎత్తేసి, మార్కులు లెక్కించే లాజికల్ రీజనింగ్ విభాగాలను రెండు చేశారు. ప్రతి ప్రశ్నకూ చిన్న పేరా ఒక్కటే ఉంటుంది, ఆప్షన్లు ఐదు. చివరి రెండింటి మధ్య తూకానికి అంతకంటే మంచి వ్యాయామం నాకు తెలియదు. పాత పేపర్లు కొన్ని ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతాయి.

మూడు వారాల తర్వాత గడియారం. క్లాట్‌లో 120 ప్రశ్నలకు 120 నిమిషాలు. లాజికల్ విభాగంలో 22 నుంచి 26 ప్రశ్నలు, సుమారు 450 పదాల ప్యాసేజ్‌లు నాలుగైదు ఉంటాయి. ప్యాసేజ్ చదవడానికి రెండున్నర, మూడు నిమిషాలు పోతే ఒక్కో ప్రశ్నకు అర నిమిషం మిగులుతుంది. ఇది చాలదు. కరెంట్ అఫైర్స్‌లో తెలిస్తే తెలుసు, తెలియకపోతే తెలియదు. ఆ విభాగాన్ని పన్నెండు పదిహేను నిమిషాల్లో ముగించి, మిగిలిన కాలాన్ని ఇటు మళ్లించి, లాజికల్‌కు 30 నిమిషాలు ఇవ్వండి. తప్పు జవాబుకు 0.25 మార్కు పోతుందన్న భయంతో ప్రశ్నలు వదిలేస్తున్నారేమో మీరు రాయలేదు. రెండు ఆప్షన్లను నిజంగా కొట్టేయగలిగితే మిగిలిన రెండింటిలో గుడ్డిగా పెట్టినా సగటున ప్రశ్నకు 0.375 మార్కు లాభమే, వదిలేస్తే సున్నా. ఏదీ కొట్టేయలేని ప్రశ్నలో లాభం 0.0625 మాత్రమే, దానికి అర నిమిషం ఖర్చు చేయడం దండగ.

చివరగా మీ భయం. ‘38 మాక్‌లు రాశాను, మార్కులు పెరగలేదు, కాబట్టి నాకు తర్కం రాదు.’ ఇది కూడా ఒక వాదమే. ఇది ఏ ఊహ మీద నిలబడిందో మీ నోటుబుక్కులో మొదటి పుటలో రాయండి. దాన్ని కాదని చూడండి. ఆ వాక్యం నాకు పంపితే వచ్చే నెల దిద్ది పెడతాను.

ప్రశ్న: అయ్యా, మా వాడు చిత్తూరులో ఇంటర్ చదువుతున్నాడు. రాష్ట్ర న్యాయ కళాశాలల ప్రవేశపరీక్ష లాసెట్‌తో పాటు క్లాట్ కూడా రాస్తానంటున్నాడు. బ్యాంకు పరీక్షల రీజనింగ్ పుస్తకం ఒకటి కొన్నాడు. అందులో కోడింగ్, సంఖ్యల వరుసలు, రక్తసంబంధాలు, దిక్కులు ఉన్నాయి. రెండు పరీక్షలకూ అది సరిపోతుందా?
— ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: సరిపోదండి, అయితే వృథా కూడా కాదు. ఏపీ లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు ఉంటాయి. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, న్యాయవిద్యకు సంబంధించిన ఆప్టిట్యూడ్ 60. ప్రశ్నలు తెలుగులో కూడా ఇస్తారు, తప్పుకు మార్కులు కోయరు. అందులోని మెంటల్ ఎబిలిటీకి మీ అబ్బాయి కొన్న పుస్తకం పనికొస్తుంది. క్లాట్‌లో ప్రధానంగా అడిగేది ప్యాసేజ్ చదివి వాదాన్ని తూచడం. పై ఉత్తరానికి రాసిన జవాబు మీ అబ్బాయికీ వర్తిస్తుంది. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం క్లాట్‌లో చేరదు, ఐలెట్ పేరుతో సొంత పరీక్ష పెట్టుకుంటుంది. అందులో 150 ప్రశ్నలకు 70 లాజికల్ రీజనింగ్‌వే కాబట్టి, అటువైపు ఆలోచన ఉంటే రెండు రకాల సాధనా అవసరమవుతుంది. పుస్తకాన్ని రోజుకు అరగంటకు మించనివ్వకుండా, మిగతా సమయం ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయానికి ఇమ్మనండి. చదివాక రచయిత ఏమన్నాడో, ఎందుకన్నాడో రాత్రి భోజనాల దగ్గర మీకు తెలుగులో చెప్పమనండి. మీరు నాలుగు ఎదురు ప్రశ్నలు వేయండి. ఇంగ్లీషు రాదని మీరు సంకోచించనక్కరలేదు, ‘ఎందుకురా?’ అన్న ఒక్క ప్రశ్న చాలు.